గులాబీ పురుగు ఫెరొమోన్: రెండు పీకులు రావాల్సిన చోట ఒకటే వస్తే

పత్తి చేలో లింగాకర్షక బుట్టల్లో పెట్టే గాసిప్లూర్, అంటే ఆడ గులాబీ పురుగు మగవాటిని పిలిచే వాసన (ఫెరొమోన్), ఒక పదార్థం కాదు, రెండు. 7,11-హెక్సాడెకాడైఈనైల్ ఎసిటేట్‌కు చెందిన జెడ్,జెడ్ రూపం, జెడ్,ఇ రూపం దాదాపు సమపాళ్లలో ఉంటాయి. 1973లో తేలిన సంగతే ఇది. అయినా ఆడపురుగు గ్రంథి సారాన్ని జీసీ-ఎంఎస్‌లో వేస్తే తిప్పలు తప్పవు. కాలమ్ అనే సన్నటి గొట్టంలో పదార్థాలను విడదీసి, వాటి అణువుల ముక్కలను తూచే మిషన్ అది; ఒక్కో పదార్థం గీత మీద ఒక్కో పీకుగా (శిఖరంగా) లేస్తుంది.

పీకే రావడం లేదు

మిషన్ని తిట్టే ముందు గ్రంథులు ఎన్నింటికి కోశారో చూసుకోండి. ఆడది మగవాటిని పిలిచేది రాత్రి చివరి గంటల్లో. సరుకు ఉండేదీ అప్పుడే. పురుగుల గదిలో లైట్ల వేళలు తిరగేసి, ఎర్ర వెలుతురులో పని చేయండి. పొట్ట కొన మెల్లగా నొక్కితే గ్రంథి ఉబికి వస్తుంది. దాన్ని కత్తిరించి 10 మైక్రోలీటర్ల హెక్సేన్‌లో వేస్తే ఇరవై నిమిషాలు చాలు. రాత్రంతా నానబెడితే ఒంటిమీది మైనమంతా దిగుతుంది. నైట్రోజన్‌తో చిక్కబరిచేటప్పుడు పక్కనే ఉండండి. ఫోనొస్తే లేచి వెళ్లాను, తిరిగొచ్చేసరికి గొట్టం ఎండిపోయింది. నలభై పురుగుల కష్టం గాలిపాలు.

పీకు ఒక్కటే వస్తోంది

అసలు చిక్కు ఇదే. రెండు రూపాలకూ తేడా 11వ కార్బన్ దగ్గరి ద్విబంధం ఎటు తిరిగిందన్నదే. డీబీ-5 లాంటి ధ్రువత తక్కువ కాలమ్‌లో అవి అంటుకునే వస్తాయి. మాస్ స్పెక్ట్రమ్ (అణు ముక్కల బరువుల పట్టిక) కూడా ఆదుకోదు: ఎసిటేట్ ఆనవాలు 61, అణుభారం 280లోంచి ఎసిటిక్ యాసిడ్ 60 పోగా మిగిలే 220, రెండింటికీ అవే. మిషన్లోని స్పెక్ట్రమ్‌ల లైబ్రరీతో మ్యాచ్ బాగుందని రిపోర్టు రాసేయకండి. సయనోప్రొపైల్ కాలమ్ వేసి, వేడి నిమిషానికి రెండు మూడు డిగ్రీలకు మించకుండా పెంచండి. స్టాండర్డ్‌లను (ఏ రూపమో ముందే తెలిసిన శుద్ధ నమూనాలను) విడివిడిగా నడిపి, తర్వాత ఒక్కోదాన్నీ సారంలో కలిపి చూడండి. పక్కన భుజంలా ఉబ్బు లేవకుండా పీకు ఎత్తు మాత్రమే పెరగాలి.

ఖాళీ హెక్సేన్‌కూ పీకులే

149 బరువు ముక్క కనబడితే థాలేట్ (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనం), అంటే ఎక్కడో ప్లాస్టిక్ తగిలింది. గాజు, టెఫ్లాన్ మూతలకు మారండి. 207 అయితే సెప్టమో (సూది గుచ్చే చోటి రబ్బరు బిళ్ల) కాలమో అరుగుతోంది.

ఎఫ్‌ఐడీ గీత చదును, మగపురుగు మీసం మాత్రం స్పందిస్తోంది

కాలమ్ నుంచి వచ్చేదాన్ని రెండుగా చీల్చి, ఒక పాయను ఎఫ్‌ఐడీకి (మంటలో కాల్చి కొలిచే డిటెక్టర్), ఇంకో పాయను తీగలు బిగించిన మగపురుగు మీసానికి పంపే పరీక్ష ఇది. మీసాన్నే నమ్మండి, అది డిటెక్టర్ కన్నా చురుకు. మరిన్ని గ్రంథులు కలిపి మళ్లీ వేయండి. పెద్ద పీకుకు కూడా మీసం కదలకపోతే ముందు స్టాండర్డ్ ఊది చూడండి. దానికీ పలకకపోతే మీసం ఎండిపోయినట్టే. గాలిని నీళ్లలోంచి పంపి తేమ పట్టించి, కొత్త మీసం బిగించండి.