పాపాయి స్వెట్టర్: గుండీలు కుట్టే ముందు

అల్లడం అయిపోగానే గుండీలు కుట్టేయకండి. ముందు ఊలు కొసలు సర్దాలి. కొస 15 సెంటీమీటర్లయినా వదిలి కత్తిరించండి, పొట్టిదైతే ఉతికాక జారి బయటికొస్తుంది. పెద్ద బెజ్జం, మొద్దు మొన ఉన్న సూదితో లోపలివైపు 5 సెంటీమీటర్లు ఒక దిక్కుకి, మళ్లీ 2 సెంటీమీటర్లు వెనక్కి పోనివ్వండి. ముడి మాత్రం వద్దు, ఒంటికి ఒత్తుకుంటుంది.

తర్వాత చల్లటి నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కండి. కొలతకు సర్ది, పరిచి ఆరనివ్వండి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకి సాగి చేతులు మోకాళ్ల దాకా వస్తాయి! మన విశాఖ సముద్రపు గాలికి ఫ్యాన్ కింద కూడా రెండు రోజులు పట్టొచ్చు. అరకు చలికని మందపు ఊలుతో అల్లితే ఇంకాస్త. చంకల దగ్గర తడి మిగిలితే ముక్కిన వాసన వస్తుంది. అక్రిలిక్ ఊలుకి ఇస్త్రీపెట్టె తాకించొద్దు, అల్లిక చదునైపోయి మళ్లీ లేవదు.

గుండీలు ఆఖర్న. లోపల చిన్న నూలు గుడ్డముక్క పెట్టి గట్టి కుట్టుదారంతో కుట్టండి, లేకపోతే లాగినచోట అల్లిక సాగి కన్నం పడుతుంది. కుట్టాక బలంగా లాగి చూడండి. ఊడిన గుండీ నేరుగా నోట్లోకే. మెడ దగ్గర రిబ్బన్లు అసలే వద్దు.