ల్యాప్‌టాప్‌లో రన్ అయ్యే ప్రోగ్రాం ఆర్మ్ బోర్డు మీద ఎందుకు మొరాయిస్తుంది: సమస్య - పరిష్కారం

తిరుపతిలో ఇంజనీరింగ్ పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే, "అన్నా, ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా రన్ అయింది, బోర్డులో వేస్తే ఎర్రర్ కొడతా ఉండాది". ఏం ఎర్రర్ తమ్ముడూ అంటే ఒక స్క్రీన్‌షాట్ పంపుతారు, అందులో అసలు లైను కట్ అయిపోయి ఉంటుంది. చిత్తూరు వైపు ఒక పాల సెంటర్‌లో తూకం మిషన్ రీడింగులు తీసుకునే చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఉంది, దాన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌కీ, పాత డెస్క్‌టాప్‌కీ, రాస్ప్‌బెర్రీ పై బోర్డులకీ (ఇవి ఆర్మ్ రకం ప్రాసెసర్ ఉండే చిన్న కంప్యూటర్లు, ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో ఉండే రకాన్ని ఎక్స్86 అంటారు) ప్యాకేజీ చేస్తా ఉంటే ఇవన్నీ వరసబెట్టి ఎదురైనాయి, అందుకే ఏ ఎర్రర్ వస్తే యాడ చూడాలో ఒకచోట రాసి పెడతా ఉండా. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాసినా టెర్మినల్లో ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి, అది మీకు తెలుసనుకోండి.

ముందే ఒక మాట. ఎర్రర్ మెసేజీని పట్టుకుని వెతకడం మొదలుపెట్టొద్దు, చాలాసార్లు అది చెప్పేది ఒకటి, జరిగింది ఇంకొకటి. ముందు ఫైల్‌ని అడగండి నువ్వెవరని, తర్వాత మిషన్‌ని అడగండి. ఫైల్‌ని అడగడానికి "ఫైల్" అనే కమాండే ఉంది, దాని పక్కన ప్రోగ్రాం పేరు కొడితే ఈఎల్ఎఫ్ (లైనక్స్ ప్రోగ్రాం ఫైల్ ఫార్మాట్) 64-బిట్ ఎక్స్86-64 అనో ఏఆర్చ్64 (అంటే 64-బిట్ ఆర్మ్) అనో చెప్పేస్తుంది. మిషన్‌కి "యునేమ్ -ఎం", దాంతోపాటు డెబియన్ జాతి ఓఎస్ అయితే "డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్" కూడా తప్పకుండా కొట్టండి. ఈ రెండూ వేరువేరు సమాధానాలు ఇచ్చే రోజు కూడా ఉంటుంది, అది కింద వస్తుంది.

పేర్ల దగ్గర కూడా కాస్త గోల ఉంది. కర్నల్ (ఓఎస్ గుండెకాయ) ఎక్స్86_64 అనేదాన్ని డెబియన్ ఏఎండీ64 అంటుంది, లోపల ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నా సరే అదే పేరు, ఎందుకంటే 64-బిట్ ఎక్స్86 డిజైన్ చేసింది ఏఎండీ. అట్లే కర్నల్ ఏఆర్చ్64 అంటే డెబియన్, డాకర్ రెండూ ఆర్మ్64 అంటాయి, ఆర్‌పీఎం ప్యాకేజీలు వాడే రెడ్ హ్యాట్ జాతి వాళ్ళు మాత్రం ఏఆర్చ్64 అనే ఉంచుకున్నారు. ఇవి కలగలిపి స్క్రిప్ట్ రాస్తే డౌన్‌లోడ్ లింకు దగ్గరే పడిపోతుంది.

సమస్య: "ఎక్సెక్ ఫార్మాట్ ఎర్రర్"

ఇది నిజం చెప్పే ఎర్రర్. వేరే ప్రాసెసర్ కోసం బిల్డ్ అయిన ఫైల్ ఇక్కడ పెట్టారు, అంతే. సరైన ఆర్కిటెక్చర్‌కి (ప్రాసెసర్ రకానికి) మళ్ళీ బిల్డ్ చేయాలి. గో లాంగ్వేజ్ వాళ్ళకి సుఖం, "గోఆర్చ్" ని ఆర్మ్64 అని పెట్టి, "సీగో_ఎనేబుల్డ్" సున్నా చేసి బిల్డ్ కొడితే ఐపోయింది. సీ, సీ ప్లస్ ప్లస్ అయితే క్రాస్ కంపైలర్ (ఒక రకం మిషన్‌లో ఉండి ఇంకో రకానికి బిల్డ్ చేసేది) వేసుకోవాలి, ఆ కథ వేరే.

ఇదే ఎర్రర్ బిల్డ్ మధ్యలో వస్తే మాత్రం కారణం ఇంకొకటి. కొన్ని ప్రాజెక్టులు ముందు ఒక చిన్న టూల్ కంపైల్ చేసుకుని, దాన్ని అక్కడికక్కడే రన్ చేసి, దాని నుంచి మిగతా కోడ్ పుట్టిస్తాయి. మీరు క్రాస్ కంపైలర్ ఇస్తే ఆ టూల్ కూడా ఆర్మ్‌కి తయారై కూర్చుంటుంది, మీ ల్యాప్‌టాప్ దాన్ని రన్ చేయలేదు. ఆ టూల్ వరకు మామూలు కంపైలర్ వాడేలా చూడాలి, మెసాన్ అనే బిల్డ్ టూల్‌లో అయితే "నేటివ్" ట్రూ అని పెడితే చాలు. కుదరకపోతే క్యూఈఎంయూ (వేరే ప్రాసెసర్‌లా నటించే ప్రోగ్రాం) యూజర్ మోడ్ వేసుకోండి, బిన్‌ఎఫ్ఎంటీ (ఏ రకం ఫైల్‌ని దేనితో రన్ చేయాలో కర్నల్‌కి చెప్పేది) సెటప్ అయ్యాక ఆర్మ్ ఫైల్ కూడా ల్యాప్‌టాప్‌లో రన్ అవుతుంది, కాకపోతే నత్తనడక, పెద్ద ప్రాజెక్టు మొత్తం దాంట్లో కంపైల్ పెడితే తెల్లారిపోతుంది.

సమస్య: ఫైల్ కళ్ళముందే ఉంది, "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటుంది

పచ్చి మోసం చేసే ఎర్రర్ ఇదే. ఎల్ఎస్ కొడితే ఫైల్ కనిపిస్తుంది, పర్మిషన్ ఉంది, రన్ చేస్తే లేదంటుంది. లేనిది మీ ఫైల్ కాదు, దాన్ని లోడ్ చేసే లోడర్. ప్రతి డైనమిక్ బైనరీలో (రన్ అయ్యేటప్పుడు ఓఎస్ లైబ్రరీలు తెచ్చుకునే ప్రోగ్రాం ఫైల్‌లో) నన్ను ఫలానా లోడర్‌తో లోడ్ చెయ్ అని పాత్ రాసి ఉంటుంది, "రీడ్‌ఎల్ఫ్ -ఎల్" కొడితే ఇంటర్‌ప్రెటర్ అనే లైన్‌లో కనిపిస్తుంది. 64-బిట్ ఆర్మ్‌కి ఎల్‌డీ-లైనక్స్-ఏఆర్చ్64, 32-బిట్ హార్డ్ ఫ్లోట్ ఆర్మ్‌కి (డెబియన్‌లో దీని పేరే ఆర్మ్‌హెచ్‌ఎఫ్) ఎల్‌డీ-లైనక్స్-ఆర్మ్‌హెచ్‌ఎఫ్, ఆల్పైన్ లైనక్స్ మీద బిల్డ్ చేసుంటే అందులో ఉండే మజిల్ అనే సీ లైబ్రరీ వాళ్ళ లోడర్. ఆ పాత్‌లో ఏమీ లేకపోతే ఈ ఎర్రరే.

ఇందాక చెప్పిన రెండు సమాధానాల సంగతి ఇక్కడే. రాస్ప్‌బెర్రీ పై 4 లో 32-బిట్ ఓఎస్ వేసినా 64-బిట్ కర్నల్ బూట్ అవుతుంది, 2023 నుంచి డిఫాల్ట్ అదే. అప్పుడు "యునేమ్ -ఎం" ఏఆర్చ్64 అంటుంది, మనం సంబరపడి ఆర్మ్64 ఫైల్ పెడతాం, తీరా చూస్తే ఓఎస్‌లో లైబ్రరీలన్నీ 32-బిట్‌వి, 64-బిట్ లోడర్ అనేదే లేదు. డీపీకేజీని అడిగితే ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అని నిజం చెప్తుంది. ఇన్‌స్టాల్ స్క్రిప్టుల్లో యునేమ్ మీద ఆధారపడేవాళ్ళందరూ ఇక్కడ దెబ్బతింటారు. ఆర్మ్‌హెచ్‌ఎఫ్‌కి బిల్డ్ చేయండి, లేదా కార్డులో 64-బిట్ ఓఎస్ వేసేయండి, నేనైతే రెండోదే చేయమంటా.

సమస్య: "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని చెప్పి చచ్చిపోతుంది

ఆర్కిటెక్చర్ పేరు కలిసింది కానీ తరం కలవలేదు. ఆర్మ్ వైపు దీనికి అసలు కారణం ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అనే పేరు, తిరుపతిలో శ్రీనివాసా అని పిలిస్తే నలుగురు తిరిగి చూసినట్టు ఈ పేరుకి ఇద్దరు పలుకుతారు. డెబియన్, ఉబుంటు వాళ్ళ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అంటే కనీసం ఆర్మ్‌వీ7 (ఆర్మ్ ఏడో తరం). రాస్ప్‌బెర్రీ ఓఎస్ వాళ్ళ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అంటే ఆర్మ్‌వీ6, ఎందుకంటే మొదటి రాస్ప్‌బెర్రీ పై, మొదటి జీరో ఆ పాత ప్రాసెసర్‌తో వచ్చినాయి. ఉబుంటు ల్యాప్‌టాప్‌లో క్రాస్ కంపైల్ చేసి జీరో మీద వేస్తే ప్యాకేజీ నవ్వుతా ఇన్‌స్టాల్ అవుతుంది, రన్ చేసిన మరుక్షణం పడిపోతుంది.

ఏ తరానికి బిల్డ్ చేయాలో చెప్పే "-మార్చ్" ఫ్లాగ్‌ని ఆర్మ్‌వీ6 పెడితే సరిపోతుంది కదా అంటారు, సరిపోదు. మీ కోడ్ వీ6 అవుతుంది కానీ కంపైలర్‌తో వచ్చిన స్టార్టప్ ఆబ్జెక్టులు, లిబ్‌జీసీసీ (కంపైలర్ సొంత లైబ్రరీ) అన్నీ వీ7 కే బిల్డ్ అయి ఉన్నాయి, అవి కూడా లింక్ అవుతాయి. "రీడ్‌ఎల్ఫ్ -ఏ" (పెద్ద ఏ) కొట్టి సీపీయూ ఆర్చ్ ట్యాగ్ చూస్తే వీ7 అనే ఉంటుంది. రాస్ప్‌బెర్రీ ఓఎస్ ఇమేజ్‌ని చ్రూట్‌గా (ల్యాప్‌టాప్‌లోనే ఒక ఫోల్డర్‌లో ఉండే ఇంకో ఓఎస్‌లా) పెట్టుకుని అందులో బిల్డ్ చేయడమే దారి, లేదంటే బోర్డు మీదే.

ఇంటెల్ వైపు ఇదే ఎర్రర్ వస్తే ముందు మేక్‌ఫైల్‌లో "-మార్చ్=నేటివ్" ఉందేమో వెతకండి. బిల్డ్ చేసిన మిషన్‌లో ఏమేం ఉన్నాయో అవన్నీ వాడేయమని దాని అర్థం, మన ల్యాప్‌టాప్‌లో ఏవీఎక్స్2 (ఒకేసారి ఎక్కువ లెక్కలు చేసే ఇన్‌స్ట్రక్షన్లు) ఉంటుంది, పాల సెంటర్‌లో కోర్ 2 డుయో డెస్క్‌టాప్ ఉంటుంది. ఏవీఎక్స్2 ఇంటెల్‌లో 2013 హాస్వెల్‌తో వచ్చింది, దానికి ముందు వాటిలో ఉండదు. పంచిపెట్టే ప్యాకేజీలో నేటివ్ అనే మాటే ఉండకూడదు, మామూలు "ఎక్స్86-64" పెట్టండి. ఓఎస్ వాళ్ళు కూడా ఈ మధ్య గీత పైకి జరుపుతా ఉండారు, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9 కి ఎక్స్86-64 లో వీ2 లెవెల్ కావాలి, 10 కి వీ3 కావాలి, కాబట్టి అక్కడ బిల్డ్ చేసింది పాత మిషన్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

సమస్య: ఎర్రర్ ఏమీ లేదు, ప్రోగ్రాం ఆగదు, సీపీయూ నూరు శాతం

నాకు అన్నిటికంటే ఇష్టమైన బగ్ ఇది. సేవ్ చేసిన రీడింగుల ఫైల్ చదివి టోటల్ వేయాలి, ల్యాప్‌టాప్‌లో క్షణంలో వేస్తుంది, బోర్డు మీద అట్లనే తిరుగుతా ఉంటుంది, టాప్ కొడితే ఒక కోర్ మొత్తం మింగేసి ఉంటుంది. కోడ్‌లో చూస్తే "చార్ సి" అని డిక్లేర్ చేసి, ఒక్కో బైట్ చదివే ఎఫ్‌గెట్‌సీ ఇచ్చింది అందులో పెట్టి, అది ఈఓఎఫ్ (ఫైల్ ఐపోయిందనే గుర్తు) కానంత వరకు వైల్ లూప్.

ఈఓఎఫ్ అంటే మైనస్ ఒకటి. ఎక్స్86 లో చార్ సైన్డ్ (మైనస్ అంకెలు కూడా పడతాయి), మైనస్ ఒకటి మైనస్ ఒకటిగానే ఉంటుంది, లూప్ ఆగుతుంది. ఆర్మ్ లైనక్స్‌లో ఉత్త చార్ అంటే అన్‌సైన్డ్ (మైనస్ అంకెలు ఉండవు), మైనస్ ఒకటి అందులో పడగానే 255 అయిపోతుంది, 255 ఎప్పటికీ మైనస్ ఒకటి కాదు, ఇంక లూప్ తెల్లవార్లూ తిరగాల్సిందే. రిస్క్-వీ, పవర్, ఎస్390ఎక్స్ అనే వేరే రకం ప్రాసెసర్లలో కూడా ఇదే కథ. ఇందులో తప్పు ఆర్మ్‌ది కాదు, కోడ్ మొదటి నుంచీ తప్పే, ల్యాప్‌టాప్‌లో కూడా ఫైల్ మధ్యలో 255 బైట్ ఒకటి వస్తే అక్కడే ఫైల్ ఐపోయిందనుకుని ఆగిపోయేది, ఎవరూ గమనించలేదు అంతే. "ఇంట్ సి" అని మార్చండి. కోడ్ పెద్దది, అన్నీ వెతికే ఓపిక లేదు అంటే "-ఎఫ్‌సైన్డ్-చార్" ఫ్లాగ్‌తో గండం గట్టెక్కుతుంది, కానీ అది తాత్కాలికం. దీన్ని పట్టుకోవడానికి బోర్డు కూడా అక్కర్లేదు, ల్యాప్‌టాప్‌లోనే "-ఎఫ్అన్‌సైన్డ్-చార్" పెట్టి టెస్టులు రన్ చేయండి, బయటపడుతుంది. రిలీజ్‌కి ముందు ఒకసారి ఇట్ల రన్ చేసుకోవడం మంచి అలవాటు.

సమస్య: లింకర్ "స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్" అంటుంది, లేదా "ఫైల్ ఇన్ రాంగ్ ఫార్మాట్"

ఆర్మ్‌కి బిల్డ్ చేస్తా ల్యాప్‌టాప్ లైబ్రరీలు ఇస్తున్నారు. "డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఆర్మ్64" కొట్టి, అప్‌డేట్ చేసి, లైబ్రరీ పేరు చివర కోలన్ ఆర్మ్64 పెట్టి డెవ్ ప్యాకేజీ వేసుకోండి. పీకేజీ-కాన్ఫిగ్ (లైబ్రరీలు యాడున్నాయో బిల్డ్‌కి చెప్పే టూల్) కూడా ఆర్మ్ వైపు చూడాలి, లేకపోతే మళ్ళీ మొదటికే. రస్ట్‌లో టార్గెట్ యాడ్ చేసినా ఇదే ఎర్రర్ వస్తుంది, కార్గో కాన్ఫిగ్‌లో ఆ టార్గెట్‌కి లింకర్ పేరు రాయాలి.

ఉబుంటులో ఆర్కిటెక్చర్ యాడ్ చేయగానే ఆప్ట్ అప్‌డేట్ వరసగా 404 లు కొడుతుంది, నెట్ పోయిందనుకోవద్దు. ఉబుంటు ఆర్మ్ ప్యాకేజీలు మామూలు ఆర్కైవ్ సర్వర్‌లో ఉండవు, పోర్ట్స్ అనే వేరే సర్వర్‌లో ఉంటాయి, సోర్సెస్‌లో దానికి విడిగా ఎంట్రీ రాసి, పాత ఎంట్రీకి ఏఎండీ64 మాత్రమే అని చెప్పాలి. డెబియన్‌లో ఈ బాధ లేదు.

కాన్ఫిగర్ స్క్రిప్ట్ "కెనాట్ గెస్ బిల్డ్ టైప్" అంటే ఆ ప్రాజెక్టులోని కాన్ఫిగ్ డాట్ గెస్ ఫైల్ మరీ పాతది, దానికి 64-బిట్ ఆర్మ్ పుట్టిన సంగతే తెలియదు. "ఆటోరీకాన్ఫ్ -ఎఫ్ఐ" కొట్టండి. "-ఎం64" ఫ్లాగ్ తెలియదంటే మేక్‌ఫైల్‌లోంచి తీసేయండి, అది ఆర్మ్‌లో లేదు. ఇంటెల్ వైపు ఇన్‌స్ట్రక్షన్ల ఎస్ఎస్ఈ హెడర్లు దొరకలేదంటే వాటి బదులు వాడుకోవడానికి సిమ్డీ లైబ్రరీ ఉంది.

సమస్య: "గ్లిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్"

గ్లిబ్‌సీ అంటే లైనక్స్ ప్రోగ్రాంలు వాడుకునే మెయిన్ సీ లైబ్రరీ. ఆర్కిటెక్చర్ సరిగ్గానే ఉంది, కొత్త ఓఎస్‌లో బిల్డ్ చేసి పాతదాంట్లో పెట్టారు. 2021 ఆగస్టులో వచ్చిన 2.34 లో పీథ్రెడ్ అనే థ్రెడ్ల లైబ్రరీని మెయిన్ లైబ్రరీలో కలిపేశారు, ప్రోగ్రాం స్టార్ట్ అయ్యే ఫంక్షన్‌కి కూడా ఆ వర్షన్ నంబరే పడింది, అందుకే హలో వరల్డ్ కూడా పాత ఓఎస్‌లో పనిచేయదు. మీ యూజర్లలో అందరికంటే పాత ఓఎస్ ఎవరిదో చూసి, ఆ ఓఎస్ కంటైనర్‌లో బిల్డ్ చేయండి, డెబియన్ 11 లో 2.31 ఉంది. కొత్త లైబ్రరీ ఫైల్ తెచ్చి బోర్డులో కాపీ పేస్ట్ చేస్తే ఐపోతుంది కదా అని మాత్రం చేయకండి, ఎల్ఎస్ కూడా రన్ కాదు ఆ తర్వాత.

ప్యాకేజీ దగ్గర ఇంకొకటి. డెబియన్ కంట్రోల్ ఫైల్‌లో ఆర్కిటెక్చర్ "ఆల్" అంటే అన్ని మిషన్లలో ఒకే ఫైల్ నడుస్తుందని, పైథాన్ స్క్రిప్టులకి, ఫాంట్లకి సరే. కంపైల్ చేసిన బైనరీ ఉంటే "ఎనీ" రాయాలి, అంటే ప్రతి ఆర్కిటెక్చర్‌కీ విడిగా బిల్డ్ చెయ్ అని. ఆల్ అని రాస్తే డీపీకేజీ అడ్డు చెప్పదు, ఎక్కడైనా ఇన్‌స్టాల్ అయిపోతుంది, తర్వాత ఎక్సెక్ ఫార్మాట్ ఎర్రర్ యూజర్ నెత్తిన పడుతుంది.

సమస్య: బోర్డు మీద బిల్డ్ మధ్యలో "కిల్డ్" అని ఆగిపోతుంది

సీసీ1ప్లస్ (సీ ప్లస్ ప్లస్ కంపైలర్) కిల్డ్ అని ఉంటే ర్యామ్ చాలలేదు. డీమెసెజ్‌లో (కర్నల్ లాగ్‌లో) అవుట్ ఆఫ్ మెమరీ కనిపిస్తుంది. "మేక్ -జే1" పెట్టండి, స్వాప్ పెంచండి.

ఆగదు కానీ మరీ నెమ్మదిగా ఉందా, "వీసీజెన్‌కమాండ్ గెట్_థ్రాటిల్డ్" కొట్టండి. సున్నా రావాలి. 0ఎక్స్50000 వస్తే మధ్యలో ఎప్పుడో కరెంటు చాలక స్పీడు తగ్గించుకుందని, వేడెక్కి తగ్గించుకుంటే ఇంకో నంబరు వస్తుంది. మే నెలలో తిరుపతి ఎండకి ఫ్యాన్ లేని డబ్బాలో పెట్టి కంపైల్ చేస్తే 80 డిగ్రీలు దాటడం ఎంతసేపు. పాత ఫోన్ ఛార్జర్ పెట్టడం ఇంకో దరిద్రం, పై 4 కి 5.1 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. ఓపెన్ ప్రాజెక్టు అయితే అసలు బోర్డుని ఎందుకు ఏడిపించడం, పబ్లిక్ రిపోలకి గిట్‌హబ్ 2025 నుంచి ఆర్మ్64 రన్నర్లు (బిల్డ్ చేసిపెట్టే మిషన్లు) ఫ్రీగా ఇస్తా ఉంది.

సమస్య: పై 4 లో నడిచింది, పై 5 లో "అన్‌సపోర్టెడ్ సిస్టమ్ పేజ్ సైజ్"

రెండూ ఆర్మ్64, ఒకటే ఓఎస్, ఒకటే ప్యాకేజీ. తేడా మెమరీ పేజీ సైజులో ఉంది, పై 5 డిఫాల్ట్ కర్నల్ 16 కేబీ పేజీలు వాడుతుంది, "గెట్‌కాన్ఫ్ పేజ్‌సైజ్" కొడితే 16384 అంటుంది. ఈ మెసేజీ ఇచ్చేది జెమాలక్ అనే మెమరీ కేటాయించే లైబ్రరీ, అది బిల్డ్ అయినప్పుడు చూసిన 4 కేబీనే పట్టుకుని కూర్చుంటుంది. కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీలో కర్నల్ ఈక్వల్ టు కర్నల్8 డాట్ ఐఎంజీ అని రాసి రీబూట్ చేస్తే 4 కేబీకి వచ్చేస్తుంది, పని జరిగిపోతుంది. కానీ ప్యాకేజీ చేసేవాళ్ళు జెమాలక్‌ని "--విత్-ఎల్‌జీ-పేజ్=16" తో బిల్డ్ చేసి ఇవ్వండి, 4 కేబీ, 16 కేబీ, 64 కేబీ మూడింటిలోనూ నడుస్తుంది, పొద్దున్నే పాలు పోసేవాళ్ళు క్యూలో ఉండంగా సెంటర్ అతనికి ఫోన్‌లో కాన్ఫిగ్ ఫైల్ ఎడిట్ చేయించే పని తప్పుతుంది.