కొత్త టైళ్లు ఊడిపోతున్నాయా? ముందు వాటి వెనుక చూడండి

సమస్య: బాత్రూమ్ గోడకు పాత టైళ్లు తీసి కొత్తవి వేయించారు. కొన్ని నెలలకే తడితే గుల్లగా మోగుతున్నాయి, ఒకటి రెండు ఊడి చేతికే వచ్చాయి. అందరూ వెంటనే జిగురును తిడతారు. ఊడిన టైలును తిరగేసి చూసేవాళ్లు మాత్రం అరుదు. తప్పెక్కడ జరిగిందో దాని వెనుకే ఉంటుంది.

టైలు వెనుక ఖాళీ, జిగురంతా గోడకే ఉంది: జిగురు పూసి ఆలస్యం చేశారు, పైన పొర కట్టింది. లేదా టైలు వెనుక పొడి తుడవలేదు. వేలు ఆనిస్తే అంటని జిగురును గీకి పారేసి కొత్తది పూయండి.

ప్లాస్టరింగ్ పెళ్లలతో సహా వచ్చింది: పాత టైళ్లు తీసేటప్పుడు పడిన ఉలి దెబ్బలకు ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసింది. కొత్తవి వేసేముందు గోడంతా సుత్తి పిడితో తట్టి ఉంటే అప్పుడే తెలిసేది. గుల్ల ఉన్నంత మేరా కొట్టేసి, ఇటుక తడిపి, 1:4 సిమెంటు, ఇసుక పాళ్లతో పూసి, కనీసం 7 రోజులు క్యూరింగ్ చేయండి, అంటే నీళ్లతో తడుపుతూ ఉండండి. ఆరాకే టైళ్లు.

జిగురు టైలుతోనే వచ్చింది, దానికి పలుచని బూడిదరంగు పొర అంటుకుని ఉంది: అసలు మోసం ఇక్కడే. పాత టైళ్లను సిమెంటు పాలతో, అంటే నీళ్లలో పలుచగా కలిపిన సిమెంటుతో అతికించి ఉంటే, అవి తీశాక ఆ సిమెంటు నున్నని పొరగా గోడకు మిగులుతుంది. చూడటానికి చదునుగా, శుభ్రంగా ఉంటుంది. సుత్తితో తట్టినా గట్టిగానే పలుకుతుంది. అందుకే పనివాళ్లు కూడా గోడ బాగుందని వదిలేస్తారు. కొత్త జిగురు ఆ పొరను గట్టిగానే పట్టుకుంటుంది, పొరకే గోడ మీద పట్టు ఉండదు.

కనిపెట్టడం తేలికే. నీళ్లు చిలకరించండి. గోడలోకి ఇంకితే సరే, బొట్లుగా నిలిచి కిందికి జారితే అనుమానించండి. మేకుతో గీయండి, పొలుసులుగా లేస్తే ఇక సందేహం అక్కర్లేదు. అప్పుడు గోడంతా చిప్పింగ్ చేయాలి, అంటే ఉలితో కొట్టి ఆ పొరను తీసేయాలి. అక్కడక్కడా నాలుగు గాట్లు పెట్టి ముగిస్తే గాట్ల మధ్య పొర అలాగే ఉండిపోతుంది. తర్వాత ఇనుప బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడగండి. చీపురు దుమ్మును చెదరగొడుతుందే తప్ప తీయదు. గోడ ఆరాక అరచేతితో రాస్తే పొడి అంటకూడదు. అంటితే మళ్లీ కడగాల్సిందే. చిప్పింగ్ ఎందుకు, పట్టు పెంచే ద్రవం ఏదో పూస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. అదీ ఆ పొర మీదే కదా కూర్చునేది! వాటర్‌ప్రూఫింగ్ పూత సంగతీ అంతే, గోడ శుభ్రమయ్యాకే వేయాలి.

మిగతావి: వాడకం లేకున్నా గోడ ఆరడం లేదంటే కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు చూడండి. అది తిరుగుతుంటే ముందు ప్లంబరును పిలవాలి. గోడే పగుళ్లిస్తే ఇంజినీరుకు చూపించండి, అది టైళ్ల మేస్త్రి పని కాదు.