గాలి కోర్సులో గోల్ఫ్: తిరుపతిలో తయారై సెయింట్ ఆండ్రూస్‌లో ఆడటం

చెట్ల మధ్య, నీళ్లు పెట్టి మెత్తగా పెంచిన గడ్డి మీద ఆట నేర్చుకున్నవాళ్లకు స్కాట్లాండ్ సముద్రపు ఒడ్డు కోర్సులు మొదటి రోజు కొరుకుడు పడవు. చెన్నైలోనో బెంగళూరులోనో ఆడి అలవాటైన తిరుపతి, చిత్తూరు వాళ్ల సంగతీ అంతే. బంతిని ఎత్తుగా లేపి జెండా పక్కన దింపడం ఇక్కడి ఆట. అక్కడ అలా లేపితే గాలి ఎత్తుకుపోతుంది. గాలి లేని రోజున కూడా గట్టి నేల మీద పడి, జెండా ఉండే పొట్టి గడ్డి చోటును (గ్రీన్) దాటి దొర్లిపోతుంది. కొడుకో కూతురో ఎడిన్‌బరోలో ఉన్నారని వెళ్తూ, పనిలో పనిగా సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఓ ఆట ఆడి రావాలనుకునేవాళ్లు కనీసం రెండు నెలల ముందు నుంచే సాధన మొదలుపెట్టాలి. అంతకన్నా ముందు ఆ నేల అలా ఎందుకుందో తెలుసుకోవాలి. అక్కడ ఏ షాట్ పనికొస్తుందో చెప్పేది ఆ నేల చరిత్రే.

ఇసుక మేట, గొర్రెలు, కుందేళ్లు

సముద్రానికీ సాగు భూమికీ మధ్య మిగిలిన ఇసుక మేటనే స్కాట్లాండ్‌లో లింక్స్ అంటారు. తూపిలిపాళెం తీరం చూసినవాళ్లకు వేరే వర్ణన అక్కర్లేదు: ఎగుడుదిగుడు దిబ్బలు, వాటిని కదలకుండా పట్టుకున్న రావణాసురుడి మీసాల గడ్డి, ఇంకాస్త లోపలికొస్తే సరుగుడు తోటలు. అక్కడ దిబ్బను పట్టుకునేది మారమ్ గడ్డి. సరుగుడు తోటలుండాల్సిన చోట చెట్లు లేవు, పొట్టిగా సన్నగా పెరిగే ఫెస్క్యూ గడ్డి ఉంటుంది. అడుగున ఇసుక కాబట్టి వాన నీరు నిలవదు. ఎరువు పెద్దగా వేయరు కాబట్టి గడ్డి గుబురుగా ఎదగదు. బంతి దొర్లేది అందుకే.

నాగలికి పనికిరాని నేల కావడంతో అది ఊరి ఉమ్మడి భూమిగా మిగిలిపోయింది. విలువిద్య సాధన మానేసి జనం గోల్ఫ్, ఫుట్‌బాల్ వెంట పడుతున్నారని 1457లో స్కాట్లాండ్ పార్లమెంటు ఆ రెండింటినీ నిషేధించింది. నిషేధం నిలవలేదు. 1552లో ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్ ఇచ్చిన పత్రం, సెయింట్ ఆండ్రూస్ లింక్స్‌లో గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరివాళ్లదేనని ఒప్పుకుంటూనే కుందేళ్లు పెంచుకునే వీలూ పెట్టింది. 1797లో పట్టణం దివాలా తీశాక నేల చేతులు మారి కుందేళ్ల వ్యాపారుల పాలైంది. టీ (మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి గ్రీన్ దాకా ఉండే ఫెయిర్‌వే నిండా బొరియలు పడటంతో గోల్ఫర్లకూ వాళ్లకూ ఏళ్ల తరబడి తగాదా నడిచింది. 1821లో పక్క ఎస్టేటు యజమాని జేమ్స్ చీప్ కొని ఆటను కాపాడాడు. ఆయన పేరు మీద అక్కడ ఒక బంకర్ (ఇసుక గుంత) ఉంది. గోల్ఫ్‌ను బతికించినవాడి పేరు గోల్ఫర్లను ముంచే గుంతకు పెట్టడం ఆ ఊరి హాస్యం!

మీ ఆటకు నేరుగా తగిలే చరిత్ర మరో మూడు ముక్కలుంది. మొదటిది బంకర్లు. గాలికి ఓర్చుకోలేక గొర్రెలు దిబ్బల చాటున ముడుచుకుని పడుకుంటే ఆ చోట్ల గడ్డి చచ్చి గుంతలయ్యాయని చెబుతారు. ఇప్పుడు ఓల్డ్ కోర్సులో 112 బంకర్లున్నాయి. చాలావాటికి గోడలు గడ్డి పెళ్లలను ఇటుకల్లా పేర్చి నిలువుగా కట్టినవే. రెండోది, ఒకే దారిలో వెళ్లి అదే దారిలో తిరిగి రావడం. 1764లో 22 హోల్స్‌ను 18 చేసినప్పటికి కూడా వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ బంతి పడాల్సిన గుంతలు అవే. రద్దీ పెరిగాక గ్రీన్లను వెడల్పు చేసి రెండేసి గుంతలు పెట్టారు. అలాంటి జంట గ్రీన్లు ఏడు. గ్రీన్ పంచుకునే రెండు హోల్స్ అంకెలు కలిపితే ఎప్పుడూ 18 వస్తుంది: 2తో 16, 3తో 15, అలా 8తో 10 దాకా. వెళ్లేటప్పటి జెండా తెలుపు, వచ్చేటప్పటిది ఎరుపు. రంగు చూడకుండా కొడితే సరైన గ్రీన్ మీదే పడి కూడా అరవై గజాల పుట్ (నేల మీద దొర్లించే షాట్) మిగులుతుంది. మూడోది అన్నిటికన్నా కీలకం. ఒకప్పుడు ఈ కోర్సును ఇప్పటికి ఎదురు దిశలో ఆడేవాళ్లు. ఆ దిశలో ఎదురుగా కనిపించే బంకర్లు ఇప్పుడు టీ దగ్గర నుంచి చూస్తే కొన్ని కనబడనే కనబడవు.

గాలి లెక్క

బ్రిటన్‌లో గాలి వేగం గంటకు మైళ్లలో చెబుతారు. ఆటగాళ్లు వాడే మోటు లెక్క ఇది: ఎదురుగాలికి మైలుకు ఒక శాతం దూరం కలుపు, వెనక గాలికి మైలుకు అర శాతం తీసెయ్యి. జెండా 140 గజాల్లో ఉండి 15 మైళ్ల ఎదురుగాలి ఉంటే 161 గజాల షాట్ కొట్టాలి. అంటే రెండు మెట్లు పెద్ద క్లబ్ (ఆడే కర్ర) తీయాలి. అదే గాలి వెనక నుంచి వస్తే 130 చాలు. ఎదురుగాలి తీసుకున్నంత వెనక గాలి తిరిగి ఇవ్వదు, దాన్ని నమ్ముకోకండి.

దీనికి చలి తోడవుతుంది. ఇక్కడ 35 డిగ్రీల్లో కొట్టిన దూరం అక్కడి 15 డిగ్రీల్లో ఏడెనిమిది గజాలు తగ్గుతుంది, అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ అయిన డ్రైవర్‌తో ఇంకాస్త ఎక్కువే. బెంగళూరులో ఆడేవాళ్లు మరో కోత వేసుకోవాలి. సుమారు 900 మీటర్ల ఎత్తులో గాలి పలచన కాబట్టి, 150 గజాల బంతి సముద్ర మట్టానికి వచ్చేసరికి ఐదు గజాలు ముందే ఆగుతుంది. చెన్నైలో ఆడేవాళ్లకు ఈ కోత లేదు.

గడ్డి పోచలు ఎగరేసి చూస్తే నడుము ఎత్తులో గాలి మాత్రమే తెలుస్తుంది. దిబ్బల చాటున ఉన్న టీ మీద అది బొత్తిగా అబద్ధం చెబుతుంది. గ్రీన్ మీది జెండాను, పైన ఎగిరే పక్షుల వాలును చూడండి. తరచుగా వీచేది నైరుతి గాలి. అది వీచే రోజున వెళ్లేటప్పుడు ఎడమ భుజానికి తగిలి, వచ్చేటప్పుడు కుడి భుజానికి తగులుతుంది. అటు చివర 8 నుంచి 11 దాకా కోర్సు కొక్కెంలా మెలి తిరుగుతుంది కాబట్టి అక్కడ ప్రతి టీ మీదా లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే. ఆటుపోట్లతో పాటు గాలీ మళ్లుతుందని క్యాడీలు (సంచి మోసే సహాయకులు) అంటారు. వాళ్ల మాట కొట్టిపారేయకండి. ఇంకొక మాట: ఈ కోర్సులో తప్పితే ఎడమకే తప్పాలి. వెళ్లేటప్పుడు కుడి పక్క ముళ్ల పొదలు, వచ్చేటప్పుడు కుడి పక్క హద్దు గోడలు ఉంటాయి. ఎడమ పక్క మాత్రం రెండు దారుల్లోనూ పక్క హోల్ ఫెయిర్‌వేనే.

ఆడి గాలిలో సాధన

ఆడి కృత్తిక వచ్చే నెలలో మన దగ్గర వీచే గాలిని వృథా పోనివ్వకండి. మనుషులూ పశువులూ తిరగని, గరిక పలచగా ఉన్న గట్టి నేల చూసుకోండి. నెర్రెలిచ్చిన చెరువు అడుగు మాత్రం వద్దు, మణికట్టు పోతుంది.

రెండు వెదురు గడలు పాతి, నేల నుంచి రెండు మీటర్ల ఎత్తున తాడు కట్టండి. తాడుకు ఏడున్నర మీటర్లు వెనక్కి వచ్చి 7 ఐరన్‌తో కొట్టండి. మామూలు షాట్ తాడు మీదుగా పోతుంది. కింద నుంచి పోయేదే మీకు కావాల్సింది. బంతిని ఎప్పటికన్నా ఒక బంతి వెడల్పు వెనక పాదం వైపు జరపండి. గ్రిప్‌ను రెండు అంగుళాలు కిందికి పట్టండి. బరువు ముందు కాలి మీద కాస్త ఎక్కువ ఉంచండి. వెనక్కి ఎత్తేటప్పుడు చేతులు భుజం ఎత్తుకే రావాలి, కొట్టాక కూడా భుజం ఎత్తులోనే ఆగిపోవాలి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. చేతులు మెడ చుట్టూ తిరిగిపోయాయంటే బంతి లేచిపోయినట్టే.

తాడు కింద నుంచి పోవడం మొదలయ్యాక వచ్చే తప్పు ఒకటుంది: గాలి ఎదురైతే బలంగా కొట్టబుద్ధవుతుంది. బలం పెరిగితే వెనక తిప్పుడు పెరుగుతుంది, ఎదురుగాలి ఆ తిప్పుడును పట్టుకుని బంతిని గాలిపటంలా పైకి లేపుతుంది. అది కాసేపు పైన నిలబడి నిలువునా కూలుతుంది. కాబట్టి పెద్ద క్లబ్ తీసుకుని మెల్లగా ఊపడమే దారి. ఈ బాధ తగ్గించుకోవడానికే బ్రిటన్‌వాళ్లు 1.62 అంగుళాల చిన్న బంతిని చాలాకాలం వదల్లేదు. బ్రిటిష్ ఓపెన్ పోటీల్లో 1974 నుంచి 1.68 అంగుళాల బంతి తప్పనిసరైంది. చిన్నదాన్ని 1990లో పూర్తిగా ఆపేశారు.

గ్రీన్ చుట్టూ ఆడే ఆట మాత్రం ఇక్కడ పూర్తిగా పట్టుబడదు. మన కోర్సుల్లోది ఎక్కువగా గరిక జాతి గడ్డి. పక్కలకు పాకి, దొర్లే బంతిని పట్టేస్తుంది. ఫెస్క్యూ పట్టదు. అందుకని గోలీలాడినట్టు నేలను నమ్ముకోండి. గ్రీన్‌కు ఇరవై గజాల దూరంలో ఉన్నా గడ్డి పొట్టిగా ఉంటే పుట్టరే తీయండి. మధ్యలో చిన్న గుంతో మిట్టో ఉంటే 8 ఐరన్‌తో పుట్ కొట్టినట్టే కొట్టండి. అడుగు బాగా ఉబ్బిన శాండ్ వెడ్జ్ గట్టి నేలను తాకి ఎగురుతుంది, దాని అంచు బంతి నడుముకు తగిలి గ్రీన్ అవతలికి పోతుంది. బౌన్స్ (ఆ అడుగు ఉబ్బు) 8 డిగ్రీలు దాటని వెడ్జ్ ఒకటి సంచిలో ఉంటే చాలు.

పుట్టర్ కూడా అన్ని వేళలా క్షేమం కాదు. ఓల్డ్ కోర్సులోనే జరిగిన 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా 17వ గ్రీన్ మీద కొట్టిన పుట్ వాలు పట్టుకుని రోడ్ బంకర్లోకి దిగింది. బయటపడటానికి నాలుగు షాట్లు పట్టి, ఆ హోల్‌కు 9 వచ్చింది. అలాంటి బంకర్లో పడితే జెండా వైపు చూడకండి. గోడకు రెండు అడుగుల లోపు బంతి ఉంటే పక్కకో వెనక్కో తీసేయడమే లాభం.

గ్రీన్ మీద గాలి

పాదాలు ఎప్పటికన్నా అరడుగు ఎడంగా పెట్టి, పుట్టర్‌ను కాస్త కిందికి పట్టుకుంటే ఒళ్లు ఊగదు. అక్కడే జరిగిన 2015 ఓపెన్‌లో శనివారం గ్రీన్ల మీద ఆగిన బంతులు గాలికి వాటంతటవే కదలడంతో ఆట గంటల తరబడి ఆపి, చివరికి సోమవారం ముగించాల్సి వచ్చింది. మీ బంతి కదిలితే నియమం ఇది: గుర్తు పెట్టి ఎత్తకముందే గాలికి కదిలితే శిక్ష లేదు, ఆగిన చోటు నుంచే ఆడాలి. ఎత్తి మళ్లీ పెట్టాక కదిలితే పాత చోటికే తెచ్చి పెట్టాలి. కాబట్టి ఈదర రోజున గ్రీన్ ఎక్కగానే గుర్తు పెట్టి, ఎత్తి, పెట్టేయండి. ఆ తర్వాత గాలి చేసేదానికి మీరు బాధ్యులు కారు.

వెళ్లేముందు

సెయింట్ ఆండ్రూస్‌కు రైలు లేదు. ఎడిన్‌బరో నుంచి ల్యూకర్స్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. మీ ఆట స్థాయిని చెప్పే హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ తప్పకుండా పట్టుకెళ్లండి. ముందుగా స్లాట్ దొరకనివాళ్లకు రెండు రోజుల ముందు వేసే బ్యాలెట్ (లాటరీ) ఉంటుంది, దానికి కనీసం ఇద్దరు ఆటగాళ్లుండాలి. పేరు రాకపోతే 1895 నాటి న్యూ కోర్సులో ఆడండి. నిజానికి ఓల్డ్ కన్నా ముందు అక్కడ ఒక ఆట ఆడటమే మంచిది, నేల అదే, గాలి అదే. జూలైలో కూడా స్వెటర్, తడిసినా జారని రెండు చేతుల వాన గ్లౌజులు ఉండాలి. గాలికి గొడుగు నిలవదు.

ఆదివారం ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు, జనం పార్కులా నడుస్తుంటారు. మీ ఆటకు ముందు ఆదివారం దొరికితే 18వ గ్రీన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి, అంటే గ్రీన్ నుంచి టీ వైపు, నడవండి. 12వ గ్రీన్ మీద నిలబడి వెనక్కి చూస్తే టీ నుంచి కనబడని బంకర్లు ఫెయిర్‌వే నడుమ నోళ్లు తెరుచుకుని కనిపిస్తాయి. ఒక్కొక్కటి టీకి ఎన్ని అంగల దూరమో నడుస్తూ లెక్కపెట్టి స్కోర్ కార్డు వెనక గీసుకోండి.