కార్తీకంలో విశాఖ కొండలెక్కే ముందు

వానలు తగ్గాయి, కొండలు పచ్చగా ఉన్నాయి, ఆదివారం కోసం అందరూ సంచులు సర్దుతున్నారు. నీళ్లు, టోపీ సంగతి మీకు తెలిసిందే. మిగిలినవి ఇవి.

వెనుదిరిగే వేళ ఇంటి దగ్గరే ఖాయం చేసుకోండి. నవంబరు చివర ఇక్కడ పొద్దు 5.20 ప్రాంతంలోనే వాలిపోతుంది. చెట్ల కింద చీకటి ఇంకా ముందే దిగుతుంది. కంబాలకొండ చిరుతపులులు తిరిగే అభయారణ్యం. మూడున్నర అయిందంటే దిగడం మొదలుపెట్టండి. ‘ఇంకో పది నిమిషాలే’ అనే మిత్రుడు ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు. ఆ పది నిమిషాలు ఎప్పుడూ అరగంటే.

ముందురోజు రాత్రి తుపాను హెచ్చరికలు చూడండి. హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న, కార్తీకానికి కొద్ది రోజుల ముందే.

అరిగిన బూట్లు వద్దు. మన కొండల ఖొండలైట్ రాయి పైపొర శిథిలమై పొడిపొడిగా రాలుతుంది. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు కాలికింద శనగలు పోసినట్టుంటుంది.

నిండు ప్యాంటు, మేజోళ్లు తప్పనిసరి. పొదల్లో కంటికి ఆనని పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ రావచ్చు. వారం పది రోజులకు జ్వరం వచ్చి, ఒంటిమీద నల్లగా చెక్కుకట్టిన మచ్చ కనిపిస్తే, కొండకు వెళ్లిన సంగతి వైద్యుడికి చెప్పండి.

పాము కాటేస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, గాటు పెట్టొద్దు. కాలు కదపనీయకుండా మోసుకొచ్చి ఆసుపత్రికి చేర్చండి.

తొట్లకొండ, బావికొండలకైతే ఉదయమే వెళ్లండి. స్తూపాల దగ్గర నీడ తక్కువ.