డచ్‌లో ‘వోర్ట్’, ‘ఇస్’ తికమక నాకెలా తీరిందంటే

ఆమ్‌స్టర్‌డామ్‌ వచ్చిన కొత్తలో ఫోన్‌కి "హెట్ పకెట్ ఇస్ బెజోర్ఖ్ట్" అని మెసేజ్ వచ్చింది. పార్సిల్ దారిలో ఉందనుకుని సాయంత్రం దాకా ఇంట్లోనే కూర్చున్నాను. తీరా చూస్తే పొద్దున్నే పక్కింట్లో ఇచ్చేసి వెళ్లారు.

‘వోర్ట్ బెజోర్ఖ్ట్’ అంటే ఇస్తున్నారు, ‘ఇస్ బెజోర్ఖ్ట్’ అంటే ఇచ్చేశారు. ‘ఇవ్వబడుతోంది, ఇవ్వబడింది’ అని బట్టీ పట్టినన్నాళ్లూ ఈ తేడా బుర్రకెక్కలేదు. ‘బడు’ వదిలేసి, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పుకున్నాకే పట్టుబడింది.

క్రియల వరుస మనకి కలిసొచ్చే విషయం. ‘ఎందుకంటే’ అనే అర్థమిచ్చే ‘ఓమ్‌డాట్’ తర్వాత క్రియలు, అచ్చం తెలుగులోలాగే, చివరికి చేరతాయి: "ఓమ్‌డాట్ హెట్ పకెట్ బెజోర్ఖ్ట్ ఇస్". అక్కడే ‘ఇస్ బెజోర్ఖ్ట్’ అని కనిపిస్తే టెన్షన్ పడకండి, రెండూ సరైనవే.