నేత చీరకు గంజి: కెమిస్ట్రీ మేడమ్ పద్ధతి

ఇరవై ఆరేళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. హైడ్రోజన్ బంధం పాఠం ఉన్న రోజు తప్పకుండా గంజి పెట్టిన మంగళగిరి చీర కట్టుకెళ్లేదాన్ని. పాఠం సగం బోర్డు మీద, సగం నా కొంగు మీద నడిచేది. ఆ చీర అంత నిటారుగా ఎలా నిలబడుతుందని మా కోడలు, మేనకోడళ్లు అడుగుతూనే ఉన్నారు, అందుకే ఇది.

ముందు గంజి. కుక్కర్లు వచ్చాక అన్నం వార్చేవాళ్లే తగ్గిపోయారు. వార్చిన గంజి లేకపోతే గుప్పెడు సగ్గుబియ్యం గంటసేపు నానబెట్టి, అర లీటరు నీళ్లలో గింజలు అద్దంలా మారి కరిగేదాకా కలుపుతూ ఉడికించండి. చన్నీళ్లలో పిండి కలిపితే అది గంజి కాదు, అడుక్కి దిగిపోతుంది. పిండిపదార్థం అంటే గ్లూకోజులు పూసల్లా గుచ్చిన పొడవాటి గొలుసులు. అవి ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని బిగుసుకుని ఉంటాయి. వేడి 60, 70 డిగ్రీలకు వచ్చేసరికి ఆ పట్టు సడలి, నీళ్లు లోపలికి దూరి, గంజి చిక్కబడుతుంది.

ఈ పట్టు సంగతి కాస్త చెప్పాలి. ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ల మీద ఆశ ఎక్కువ. తనకు అతుక్కున్న హైడ్రోజన్ దగ్గరవి కూడా తనవైపే లాక్కుంటుంది. దాంతో హైడ్రోజన్ వైపు కొంచెం ధనావేశం మిగిలి, అది పక్క అణువులోని ఆక్సిజన్ వైపు మొగ్గుతుంది. అంతే, హైడ్రోజన్ బంధం. నీటి అణువు లోపలి బంధం తెంచడానికి మోల్‌కు (అణువుల్ని, బంధాల్ని గుంపుగా లెక్కపెట్టే కొలత) సుమారు 460 కిలోజౌల్స్ శక్తి కావాలి. రెండు అణువుల మధ్య ఉన్న ఈ బంధానికి 20 చాలు. బలహీనమే, కానీ లెక్కలేనన్ని ఉంటాయి. అణుభారం 34 ఉన్నా, ఈ బంధాలు దాదాపు లేని హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నాకు 60 డిగ్రీలు కిందే మరిగిపోతుంది. 18 మాత్రమే ఉన్న నీరు 100 దాకా ఆగుతుంది. ఈ బంధాలే లేకపోతే బకెట్లో నీళ్లుండవు, చీర ఆవిరిలో ఉతుక్కోవాలి.

చీరకు వద్దాం. నూలుపోగు దాదాపు అంతా సెల్యులోజు. అదీ గ్లూకోజు గొలుసే, ఒక్కో గ్లూకోజుకు మూడు ఓహెచ్ గుంపులు, అంటే హైడ్రోజన్ అతుక్కున్న ఆక్సిజన్లు. గంజిలోనూ అవే ఉన్నాయి కాబట్టి రెండూ హైడ్రోజన్ బంధాలతో చేతులు కలుపుతాయి. పాలిస్టర్‌లో ఆ గుంపులు లేనట్టే, దానికి గంజి పెట్టడం వృథా.

సబ్బంతా పోయేలా జాడించిన తడి చీరనే గంజిలో ముంచాలి. నా కొలత అర బకెట్ నీళ్లకు గ్లాసు చిక్కటి గంజి. పలచటి బట్టలో వడకట్టి తీరాలి. ఒకసారి తొందరలో వడకట్టకుండా నల్ల చీర ముంచాను. కొంగంతా తెల్ల మచ్చలు! ఇన్విజిలేషన్‌కు పక్కింటావిడ చీర అడిగి కట్టుకెళ్లాను. ముంచాక విదిలించి, అంచులు లాగి, నీడలో ఆరేయండి.

అసలు కిటుకు ఇస్త్రీలో ఉంది. ఆరిన చీర మీద నీళ్లు చిలకరించి, గట్టిగా చుట్టి పావుగంట పక్కన పెట్టండి. మనం కూర్చున్నప్పుడు చెమట తడికి సెల్యులోజు గొలుసుల మధ్య బంధాలు వీడిపోతాయి. గొలుసులు మడతలోకి జరిగి, తడి ఆరాక అక్కడే మళ్లీ పట్టుకుంటాయి. ముడత అంటే అదే. చిలకరించిన నీళ్లు మధ్యలో దూరి ఆ పట్టు విడిపిస్తాయి. ఇస్త్రీ పెట్టె బరువు గొలుసుల్ని సాపు చేస్తే, వేడి నీళ్లను తరిమేస్తుంది, బంధాలు సాపుగా ఉన్నచోటే కొత్తగా పడతాయి. పొడి చీర మీద ఎంత రుద్దినా ముడత మొండికేస్తుంది, పైగా మాడే భయం. ముదురు రంగుల్ని తిరగేసి ఇస్త్రీ చేయండి. అయ్యాక కాసేపు దండెం మీద వేసి, తర్వాతే మడత పెట్టండి. తడి మిగిలితే మడత గీత అచ్చు పడిపోతుంది.

ముసురు పట్టిన రోజు ఈ చీర మధ్యాహ్నానికే మెత్తబడుతుంది. గాలిలో తేమ చేసే పని అది, మీ గంజిని తిట్టుకోకండి. వానాకాలమంతా కట్టనిదైతే గంజితో బీరువాలో దాచొద్దు, సిల్వర్ ఫిష్ పురుగులకు అది విందు. ఉతికి, గంజి వదిలించి, బాగా ఆరబెట్టి పెట్టుకోండి.